ఆదివారం కాలేజీ

చదువుల తలుపు బార్లా తెరవడంలో తెలుగునేల దేశానికే దారి చూపింది. లోపలికి వచ్చినవాళ్లకు తోడుండేదెవరన్న దగ్గరే చిక్కంతా. ఆ చిక్కును బ్రిటన్ ఒకలా, టర్కీ ఒకలా, చైనా ఇంకోలా, అమెరికా మరోలా విప్పుకున్నాయి.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. హనుమకొండ చౌరస్తాలో టిఫిన్ బండ్ల దగ్గర రద్దీ ఇంకా తగ్గలేదు. పరకాల, ములుగు, జనగామ బస్సులు ఒక్కొక్కటే వచ్చి జనాన్ని దింపుతున్నాయి. దిగినవాళ్లలో కొందరి భుజాన సంచి ఉంటుంది. అందులో మధ్యాహ్నానికి సరిపడా సద్ది, నీళ్ల సీసా, అట్ట నలిగిన లావుపాటి పుస్తకం. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని కాలేజీ దారి పడతారు. వారమంతా పద్దెనిమిదేళ్ల పిల్లలు కూర్చునే బెంచీల మీద ఆ రోజు కూర్చునేది వేరే తరగతి. భూపాలపల్లి గనిలో రాత్రి షిఫ్టు దిగి, ముఖం కడుక్కుని నేరుగా వచ్చిన కార్మికుడు. సెంటర్‌కు సెలవు కాబట్టి రాగలిగిన అంగన్‌వాడీ టీచరు. డ్యూటీ మార్పించుకున్న కండక్టరు. కాజీపేట రైల్వే కాలనీ నుంచి ఒకరు, హోంగార్డు ఒకరు, పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని చివరి బెంచీలో కూర్చున్న తల్లి ఒకరు.

‘‘మేడం, అసైన్‌మెంట్ ఎప్పటిదాంక ఇయ్యాలె?’’

‘‘సార్, ఫస్టియర్ది ఒక పేపర్ మిగిలింది. సెకండియర్ పరీక్ష రాయనిస్తరా?’’

‘‘అక్కా, పోయిన వారం నోట్సు ఫొటో తీసి పెట్టరాదు జర!’’

ఇలాంటి మాటలు వినపడని స్టడీ సెంటర్ తెలంగాణలో ఉండదు. పుస్తకాల్లో దీని పేరు సార్వత్రిక, దూరవిద్య. జనం నోట్లో మాత్రం ఒకటే మాట, ఓపెన్ డిగ్రీ. ‘‘ఏం చదువుతున్నవ్?’’ అంటే ‘‘ఓపెన్ల డిగ్రీ’’ అని కాస్త గొంతు తగ్గించి చెప్పేవాళ్లు ఎంతమందో. దేశంలో 45 లక్షల మందికి పైగా చదివే చదువుకు ఆ బెరుకు ఎందుకు?

సమానమే... కానీ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 సెప్టెంబరులో ఒక మాట స్పష్టంగా చెప్పింది. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో తెచ్చుకున్న డిగ్రీ, తరగతికి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానమేనని. అదే ఏడాది ఏప్రిల్‌లో ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని కూడా అనుమతి ఇచ్చింది. పొద్దున కాలేజీలో బీకాం, ఇంట్లో కూర్చుని ఇంకో డిగ్రీ. కుర్రకారు సంబరపడింది.

మూడేళ్లు తిరగ్గానే మరో ఉత్తర్వు వచ్చింది. 2025 జులై-ఆగస్టు విడత నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్, బయోటెక్నాలజీ వంటి ఆరోగ్య అనుబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదన్నది దాని సారాంశం. ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, న్యాయశాస్త్రం అంతకుముందే నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. చేతితో చేసి నేర్వాల్సిన విద్యలను ఇంటికి పంపకూడదన్న వాదనలో న్యాయం ఉంది. రోగి మొహం చూడకుండా కౌన్సెలింగ్ నేర్చుకున్న మనిషి దగ్గరకు ఎవరు పోతారు? అయితే ఉద్యోగం చేసుకుంటూ సైకాలజీలో పీజీ చేద్దామని ఏళ్లుగా అనుకుంటున్న టీచర్లకూ సామాజిక కార్యకర్తలకూ ఆ దారి మూసుకుపోయింది. పైపెచ్చు ఇళ్లలో పాత అనుమానం మళ్లీ లేచి కూర్చుంది. ‘‘గీ పట్టా చెల్లుతదా?’’

అసలు ఈ పట్టా ఎక్కడ పుట్టిందో, ఏ దేశం దానికి ఎంత విలువ కట్టిందో చూస్తే గానీ ఆ అనుమానం లోతు తెలియదు.

పోస్టులో వచ్చిన పాఠాలు

మన దేశంలో ఈ చదువు ముందు పోస్టుమాన్ చేతి మీదుగా వచ్చింది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. మూడో పంచవర్ష ప్రణాళిక కాలం అది. కాలేజీ కట్టడాల ఖర్చు లేకుండా ఎక్కువమందికి డిగ్రీ చెప్పించడం ఎలాగన్న ఆలోచన. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో ఆ బాట పట్టాయి. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఎనభయ్యో దశకం చివర్లో దూరవిద్య కేంద్రం తెరిచింది. వరంగల్ వాళ్లకు అది ‘ఎస్‌డీఎల్‌సీఈ’. పూర్తి పేరు అడిగితే సగంమంది చెప్పలేకపోవచ్చు గానీ, అక్కడ బీఏనో, ఎంఏనో, లైబ్రరీ సైన్సో చదివినవాళ్లు ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఒకరైనా తగులుతారు.

ఇవన్నీ కరస్పాండెన్స్ కోర్సులు. అంటే పాఠం పోస్టులో వచ్చినా, చేరడానికి అర్హత మాత్రం మామూలు కాలేజీదే. ఇంటర్ తప్పినవాడికి అక్కడ చోటు లేదు. ఆ గడప కూడా తీసేద్దామన్న ఆలోచన దేశంలో మొదట చట్టమైంది తెలుగు గడ్డ మీదే.

1982లో కొన్ని నెలలే ముఖ్యమంత్రిగా ఉన్న భవనం వెంకట్రామ్ పేరు ఇవాళ చాలామందికి గుర్తుండదు. ఆ కొన్ని నెలల్లోనే, ఆగస్టు 26న, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. భారతదేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) రావడానికి ఇంకా మూడేళ్లు ఉంది. మొదటి ఉపకులపతి ప్రొఫెసర్ జి.రామిరెడ్డి. కరీంనగర్ జిల్లా బిడ్డ. రాజనీతిశాస్త్రం ఆయన సబ్జెక్టు, పంచాయతీరాజ్ ఆయన పరిశోధన. ఊరి పాలన ఎలా నడుస్తుందో ఏళ్లకేళ్లు చూసిన మనిషికి, ఊళ్లో చదువు ఎక్కడ తెగిపోతుందో ఒకరు చెప్పాల్సిన పని ఉండదు. అప్పటికే ఉస్మానియాకు వీసీగా పనిచేశారు. ఇక్కడ పునాది వేశాక 1985లో ఇగ్నోకు తొలి వీసీగా వెళ్లారు. తర్వాత యూజీసీ ఛైర్మన్ అయ్యారు. ఉస్మానియా దూరవిద్య కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

కొత్త విశ్వవిద్యాలయం చేసిన సాహసం ఇది. తగిన వయసు నిండి ఉంటే చాలు. టెన్త్ మెమో లేకపోయినా, బడి మొహమే చూడకపోయినా ఒక అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలుండేది. అదీ తెలుగు మాధ్యమంలో. పొలం పనికి పోయి నాలుగో తరగతితో ఆగిపోయినవాళ్లు, పదమూడేళ్లకే పెళ్లయినవాళ్లు, బొగ్గు బావిలో కూలీగా చేరినవాళ్లు బీఏ పుస్తకం పట్టుకున్నారు. పట్టా వల్ల గుమస్తాగా ప్రమోషన్ వచ్చిన అటెండర్ల కథలు వరంగల్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా వినవచ్చు. 1991 అక్టోబరులో ఆ విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. చదువు కోసం ఆయన పడ్డ పాట్లు తెలిసినవారెవరికైనా ఆ పేరు అక్కడ కుదిరిందనే అనిపిస్తుంది.

> ■ పుట్టిన ఏళ్లు
> లండన్ విశ్వవిద్యాలయం తరగతికి రానివాళ్లకూ డిగ్రీ ఇవ్వడం: 1858
> దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం (యునిసా) దూరబోధన: 1946
> బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ: 1969
> స్పెయిన్ దూరవిద్య విశ్వవిద్యాలయం ఉనెడ్, దక్షిణ కొరియా కరస్పాండెన్స్ కళాశాల: 1972
> పాకిస్తాన్‌లో నేటి అల్లామా ఇక్బాల్ ఓపెన్ యూనివర్సిటీ: 1974
> చైనా కేంద్ర రేడియో, టీవీ విశ్వవిద్యాలయం: 1979
> ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం: 1982
> ఇగ్నో: 1985

గని కార్మికుడి కూతురు పట్టిన పంతం

రామిరెడ్డి తరం ముందున్న నమూనా బ్రిటన్‌ది. 1963లో గ్లాస్గో సభలో లేబర్ పార్టీ నేత హెరాల్డ్ విల్సన్ ‘గాలిలో నడిచే విశ్వవిద్యాలయం’ ఆలోచన బయటపెట్టారు. రేడియో, టీవీలతో చదువు అన్నమాట. దాన్ని ఆచరణలోకి తెచ్చిన మంత్రి జెన్నీ లీ, స్కాట్లండ్ గని కార్మికుడి కూతురు. అరకొర చదువు కాదు, అసలైన డిగ్రీ కావాలని ఆమె పట్టుపట్టారు. ప్రతిపక్ష నేతల్లో ఒకరైన ఇయాన్ మెక్లౌడ్ అదంతా మతిలేని వ్యవహారమని కొట్టిపారేశారు. 1969లో రాచ అనుమతి పత్రం వచ్చింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం మారింది. ఇక మూత పడ్డట్టేనని అందరూ అనుకున్నప్పుడు, కొత్త విద్యామంత్రి దాన్ని బతకనిచ్చారు. ఆ మంత్రి పేరు మార్గరెట్ థాచర్. బడిపిల్లల పాలు ఆపిన ఆమె చేతే ఓపెన్ యూనివర్సిటీ బతికిందంటే రాజకీయం ఎంత చిత్రమైందో!

1971 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. అర్ధరాత్రో, తెల్లవారుజామునో బీబీసీలో గడ్డాల ప్రొఫెసర్లు బోర్డు ముందు నిలబడి లెక్కలు చెప్పేవారు. ఆ ప్రసారాల మీద జోకులు పుట్టాయి. అసలు బలం మాత్రం టీవీలో లేదు. దాదాపు ఇరవైమంది విద్యార్థులకు ఒక ట్యూటర్. విద్యార్థి అసైన్‌మెంట్ రాసి పంపుతాడు. ట్యూటర్ మార్కులు వేయడంతో ఆగడు. ఎక్కడ వాదన తెగింది, ఏ పుస్తకం చూడాలి, వచ్చేసారి ఎలా రాయాలో పేజీలకొద్దీ వ్యాఖ్య రాస్తాడు. ఆ ట్యూటర్ దిద్దిన కాగితాల్లో కొన్నింటిని పైవాళ్లు మళ్లీ తీసి చూస్తారు, సరిగా దిద్దాడా లేదా అని. చేరడానికి ఏ అర్హతా అడగని విశ్వవిద్యాలయం, చేరాక మాత్రం మనిషిని వదిలిపెట్టదు. ఖర్చంతా ఇక్కడే పెట్టింది.

ఆ కథకూ దెబ్బ తగిలింది. 2012లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వ గ్రాంటు తగ్గించి ఫీజులు పెంచారు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ల సంఖ్య భారీగా పడిపోయింది. అదే విశ్వవిద్యాలయంలో, అదే కోర్సుకు, స్కాట్లండ్‌లో ఆదాయం తక్కువున్నవాళ్లకు అక్కడి ప్రభుత్వమే ఫీజు కడుతుంది. సరిహద్దుకు అటొక లెక్క, ఇటొక లెక్క. జర్మనీలో హాగెన్ దూరవిద్య విశ్వవిద్యాలయం మొత్తంగా ప్రభుత్వానిదే. ఫీజు నామమాత్రం కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు.

పరీక్షే విశ్వవిద్యాలయం

ఎస్కిషెహిర్ అనే టర్కీ నగరం పేరు మనవాళ్లకు కొత్త. అక్కడి అనడోలు విశ్వవిద్యాలయం మాత్రం విద్యార్థుల లెక్కలో ప్రపంచంలోనే అతిపెద్దవాటిలో ఒకటి. పదిలక్షలు దాటిన విద్యార్థులు. 1980 సైనిక తిరుగుబాటు తర్వాత వచ్చిన ఉన్నత విద్యా చట్టం దానికి దూరవిద్య బాధ్యత అప్పగించింది. కాలేజీ సీట్లు దొరకని యువత వీధుల్లోకి రాకుండా చూడాలన్నది ప్రభుత్వ తాపత్రయం కూడా. అక్కడ ట్యూటర్ల సైన్యం లేదు. మంచి పుస్తకాలు, ఒక పెద్ద పరీక్ష యంత్రాంగం ఉన్నాయి. నిర్ణయించిన శని, ఆదివారాల్లో దేశంలోని 81 రాష్ట్రాల్లో బడులన్నీ పరీక్ష కేంద్రాలవుతాయి. అందరికీ ఒకే పేపర్, బహుళైచ్ఛిక ప్రశ్నలు, దిద్దేది యంత్రం. జర్మనీలో పనిచేసే టర్కీ కార్మికుల కోసం కొలోన్‌లో కేంద్రం పెట్టారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన లక్షలాది మంది కోసం తెలుగు విశ్వవిద్యాలయాలు అలాంటి పని పెద్దఎత్తున తలపెట్టలేదు. ఇగ్నో దుబాయ్, మస్కట్ వంటి చోట్ల కేంద్రాలు నడిపినా అక్కడ తెలుగు పాఠం దొరకదు.

చైనాది ఇంకో దారి. సాంస్కృతిక విప్లవంలో విశ్వవిద్యాలయాలు ఏళ్లతరబడి మూతపడి ఒక తరం చదువు మట్టిలో కలిసింది. డెంగ్ జియావోపింగ్ ఆమోదంతో 1979లో టీవీ విశ్వవిద్యాలయం మొదలైంది. ఇంట్లో టీవీ ఉన్నవాళ్లు అరుదైన రోజులవి. ఫ్యాక్టరీలే గది ఇచ్చి, టీవీ పెట్టి, కార్మికులను జీతంతో సహా చదువుకు వదిలిపెట్టేవి. గుంపుగా కూర్చుని చూడటం, తర్వాత మాట్లాడుకోవడం. పేరుకు దూరవిద్యే గానీ అది నిజానికి తరగతే. 2012లో అది చైనా ఓపెన్ విశ్వవిద్యాలయంగా మారింది. దాంతోపాటు 1981 నుంచీ ఇంకొక ఏర్పాటు ఉంది. ఎక్కడ చదివావు, ఎలా చదివావు అని ఎవరూ అడగరు. ప్రభుత్వం పెట్టే పేపర్లు ఒక్కొక్కటే గట్టెక్కితే పట్టా ఇస్తారు. పాఠం చెప్పని విశ్వవిద్యాలయం అది. కఠినమైన పరీక్ష అని పేరుంది కాబట్టే పట్టాకు పరువు నిలిచింది.

భూపాలపల్లి సింగరేణి గని కార్మికుడు రాత్రి షిఫ్టు దిగి బస్సెక్కి రావడాన్ని, ఆ చైనా ఫ్యాక్టరీ గదిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అక్కడ చదువుకు సమయం యజమాని ఇచ్చాడు. ఇక్కడ కార్మికుడు తన నిద్రలోంచి తీసిచ్చాడు.

జైలుగది చిరునామా

దూరవిద్య అంటే ఇంట్లో కూర్చున్నవాళ్ల చదువని అనుకుంటాం. బయటికి రాలేనివాళ్ల చదువు కూడా. దక్షిణాఫ్రికాలోని యునిసా 1946 నుంచి ఉత్తరాల ద్వారా పాఠాలు చెబుతోంది. వర్ణవివక్ష ప్రభుత్వం రాబెన్ ద్వీపంలో పెట్టిన రాజకీయ ఖైదీలు ఆ పాఠాలతోనే డిగ్రీలు చదివారు. చదువు అక్కడ హక్కు కాదు, జైలరు దయ. నచ్చకపోతే పుస్తకాలు లాక్కునేవారు. నెల్సన్ మండేలా లండన్ విశ్వవిద్యాలయం ఎల్‌ఎల్‌బీకి జైలునుంచే కుస్తీ పట్టి, చివరికి 1989లో యునిసా నుంచి ఆ డిగ్రీ పూర్తి చేశారు. అప్పటికి ఆయన వయసు 70 దాటింది. మరుసటి ఏడాది విడుదలయ్యారు.

మన దగ్గరా ఈ పాయ ఉంది. చర్లపల్లి కేంద్ర కారాగారంలో ఉండి అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి, స్నాతకోత్సవంలో బంగారు పతకం అందుకున్న ఖైదీలు ఉన్నారు. ఇగ్నో ఖైదీలకు ఫీజు లేకుండా చదువు చెబుతోంది. బయట ఉన్నవాడికి ఆదివారం కూడా తీరిక దొరకదు. లోపల ఉన్నవాడికి తీరిక తప్ప ఏమీ ఉండదు. ఆ తీరికకు పుస్తకం జతైతే బంగారు పతకం రావడంలో వింత లేదు.

> ■ ఆడవాళ్ల లెక్క
> ‘పెళ్లయిన ఆడపిల్లలకు దూరవిద్యే దిక్కు’ అన్నది అందరి నోటా వినే మాట. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2020-21 ప్రకారం దూరవిద్యలో చదివేవాళ్లు 45.71 లక్షలు. వారిలో మహిళలు 20.9 లక్షలు, అంటే వందకు 46 మంది. మామూలు కాలేజీలు కూడా కలిపిన మొత్తం ఉన్నత విద్యలో మహిళల వాటా వందకు 49. ఇంట్లో ఉండి చదివే చదువులోనే ఆడవాళ్లు కాస్త తక్కువగా తేలారు. కాలేజీకి పంపితే గంటలకొద్దీ చదువుకునే అమ్మాయికి, ఇంట్లో పుస్తకం తీయడానికి ఎవరి అనుమతి కావాలో ఈ లెక్కలో రాయలేదు.

అమెరికా: డాలరు, వీసా, నడుమ తెలుగు ఇళ్లు

అమెరికాలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ అంటూ లేదు. అక్కడ దూరవిద్య సంతలో దొరుకుతుంది. 1976లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్ లాభాపేక్షతో నడిచి, 2010 నాటికి నాలుగున్నర లక్షల మంది పైచిలుకు విద్యార్థులకు చేరింది. ఫీజు విద్యార్థి అప్పుగా ప్రభుత్వమే ఇస్తుంది. డిగ్రీ పూర్తికాకపోయినా అప్పు మిగులుతుంది. 2015లో లాభాపేక్షతోనే నడిచిన కొరింథియన్ కాలేజీలు కుప్పకూలినప్పుడు వేలమంది రోడ్డున పడ్డారు. దానికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణా అక్కడే ఉంది. జార్జియా టెక్ 2014లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను ఆన్‌లైన్‌లో మొత్తం ఏడువేల డాలర్ల లోపు ఖర్చుతో ఇవ్వడం మొదలుపెట్టింది. క్యాంపస్ డిగ్రీకీ దీనికీ పట్టా మీద తేడా ఉండదు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేస్తూ రాత్రిళ్లు దీన్ని చదివే మనవాళ్లు ఉన్నారు. ‘ఓపెన్ల డిగ్రీ’ అని గొంతు తగ్గించాల్సిన అవసరం వారికి పడదు!

ఆన్‌లైన్ చదువుకు వీసా ముడి పడితే ఏమవుతుందో తెలుగు కుటుంబాలు 2020 జులైలో చూశాయి. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి మామూలు రోజుల్లో సెమిస్టరుకు ఒక ఆన్‌లైన్ కోర్సుకు మించి లెక్కలోకి తీసుకోవడానికి లేదు. కొవిడ్‌తో క్యాంపస్‌లు మూతపడ్డాక, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు దేశం విడిచి వెళ్లాలని జులై 6న అమెరికా ప్రకటించింది. విమానాలు లేవు, ఇక్కడ బ్యాంకు అప్పు ఉంది. హనుమకొండలో, కరీంనగర్‌లో తల్లిదండ్రులకు కంటిమీద కునుకు లేదు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కితే జులై 14న ఆ ఉత్తర్వు వెనక్కు తీసుకున్నారు. ఎనిమిది రోజుల ముచ్చటే, కానీ పాఠం కంటే గది గొప్పదని ఒక దేశం చట్టంలో రాసుకుంటే ఏమవుతుందో తెలిసొచ్చింది.

గోడమీది ప్రకటన

‘డిగ్రీ ఒకే సిట్టింగ్‌లో. పాస్ గ్యారంటీ.’ వరంగల్‌లో కరెంటు స్తంభాలకూ ఆటోల వెనకా ఈ రకం ప్రకటనలు చూడనివారు లేరు. మూడేళ్ల చదువు ఒక్క విడతలో, అదీ ఎక్కడో వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరు మీద. నకిలీ సర్టిఫికెట్ల ముఠాలను వరంగల్ పోలీసులు పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. ‘ఓపెన్’ అన్న మాటకు చెడ్డపేరు తెచ్చింది ఈ దుకాణాలే. ఊరి అమ్మాయి మూడేళ్లు కష్టపడి తెచ్చుకున్న పట్టానూ, దుకాణంలో కొన్న పట్టానూ బయటివాళ్లు ఒకే కంటితో చూస్తారు.

విశ్వవిద్యాలయాల తప్పు లేదనడానికీ వీల్లేదు. గ్రాంటులు చాలని రాష్ట్ర వర్సిటీలకు దూరవిద్య ఫీజులు పాడి ఆవులా కనిపించాయి. దేశమంతటా విశ్వవిద్యాలయాలు తమ హద్దులు దాటి, పక్క రాష్ట్రాల్లో ప్రైవేటువాళ్ల చేతికి స్టడీ సెంటర్లు అప్పగించాయి. అడ్మిషన్లు తెచ్చేదీ వాళ్లే, పరీక్ష పెట్టేదీ వాళ్లే. 2013లో యూజీసీ పగ్గాలు చేతికి తీసుకుని, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సొంత రాష్ట్రం దాటొద్దని కట్టడి చేసింది. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇంకా పెద్ద దెబ్బ. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలను కోర్టు ఆపేసింది. 2001-05 మధ్య చేరినవాళ్లు మళ్లీ పరీక్ష రాసి నెగ్గితేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవాళ్ల పట్టాలు రద్దే. పట్టాతో ప్రమోషన్ తీసుకుని పదేళ్లు పనిచేసిన ఇంజినీర్లు మళ్లీ పరీక్ష హాల్లో కూర్చోవాల్సి వచ్చింది.

> ■ చేరేముందు
> యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ విశ్వవిద్యాలయం పేరే కాదు, ఆ కోర్సు పేరు, ఆ విద్యాసంవత్సరం కూడా ఉన్నాయో లేదో చూడాలి. అనుమతి ఏడాదినిబట్టి, కోర్సునుబట్టి ఉంటుంది.
> 2024 నుంచి ఆ బ్యూరో ఇచ్చే ‘డెబ్ ఐడీ’ తప్పనిసరి. దాన్ని విద్యార్థే తీసుకోవాలి. ‘మేమే చూసుకుంటాం’ అనే ఏజెంటును నమ్మొద్దు.
> క్రెడిట్ బ్యాంకు ఖాతాలో చేరిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తాయి. మధ్యలో ఆపినవాళ్లు ఈ గడువు గుర్తుంచుకోవాలి.
> రాష్ట్ర విశ్వవిద్యాలయం వేరే రాష్ట్రంలో దూరవిద్య స్టడీ సెంటర్ నడుపుతుంటే అనుమానించాలి.

మధ్యలో ఖాళీ

బ్రిటన్ డబ్బు ట్యూటర్ మీద పెట్టింది. టర్కీ పరీక్ష మీద, చైనా మొదట్లో సామూహిక తరగతి మీద పెట్టాయి. అమెరికా బజారుకు వదిలేసింది. తెలుగునేల పెట్టుబడి పెట్టింది రెండింటి మీద, తలుపు మీద, పుస్తకం మీద. ఆ రెండూ బాగానే కుదిరాయి. మధ్యలో ఉండాల్సిన మనిషే పలచబడ్డాడు.

ఆదివారం కౌన్సెలింగ్ తరగతికి వచ్చే అధ్యాపకుడు వారమంతా రెగ్యులర్ కాలేజీలో చెప్పి వస్తాడు. అతనికి ఇది అదనపు పని. విద్యార్థికి ఆ తరగతి ఐచ్ఛికం. ఏటూరునాగారం అవతలి కోయగూడెం నుంచి హనుమకొండకు రానూపోనూ ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ రెండూ పోతాయి. అందుకే మొదటి వారం నిండిన గది, మూడో వారానికి సగమవుతుంది. పరీక్షల ముందు మళ్లీ నిండుతుంది. అసైన్‌మెంట్ల సంగతి సరేసరి. ఒకరిది చూసి పదిమంది రాయడం, దిద్దే మనిషి మార్కు వేసి పక్కన పెట్టడం. ఎందుకు ఆరు వేశారు, ఎనిమిది ఎందుకు రాలేదు అన్న సంభాషణే అక్కడ లేదు. తెలంగాణ ప్రభుత్వ చానల్ టీ-శాట్‌లో పాఠాలు వస్తాయి, యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. అవి విద్యార్థికి చెబుతాయి గానీ విద్యార్థి చెప్పేది వినవు.

ఊరూరా కాలేజీ కట్టడం కంటే, మండలానికి ఇద్దరు ముగ్గురు ట్యూటర్లను పెట్టి ఒక్కొక్కరికి పాతికమందిని అప్పజెప్పడం చవక. డిగ్రీ, పీజీ చదివి ఉద్యోగం లేక హనుమకొండ గ్రంథాలయాల్లో పొద్దున్నించి రాత్రిదాకా కూర్చునే యువతకు ఇక్కడ కొదవ లేదు. వాళ్లే ట్యూటర్లు కావచ్చు.

ఆ గ్రంథాలయాల్లో వాళ్ల ముందున్న పుస్తకాలేమిటో చూస్తే దూరవిద్య గురించి ఇంకో సంగతి బోధపడుతుంది. గ్రూప్-1, గ్రూప్-2కు సిద్ధమయ్యేవాళ్ల బల్ల మీద తెలుగు అకాడమీ పుస్తకాల పక్కనే అంబేడ్కర్ ఓపెన్ వర్సిటీ బీఏ పుస్తకాలు కనిపిస్తాయి. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం. టీచరు పక్కన లేని మనిషికి అర్థం కావాలని, ఒక్కో యూనిట్‌కు ముందు లక్ష్యాలు, చివర మాదిరి ప్రశ్నలు పెట్టి రాసినవి. రెగ్యులర్ కాలేజీలో ఫస్ట్‌క్లాసులో పాసైన కుర్రాడు కూడా పరీక్ష దగ్గరపడితే వాటినే వెతుక్కుంటాడు. పాత ప్రతులు చేతులు మారుతుంటాయి, జిరాక్స్ సెంటర్లలో కట్టలు కట్టలుగా నకళ్లు తీస్తారు. ఆ పుస్తకాలు చదివి డిప్యూటీ తహసీల్దారో, వాణిజ్య పన్నుల అధికారో అయినవాళ్లలో చాలామంది ఆ విశ్వవిద్యాలయంలో ఏనాడూ పేరు నమోదు చేసుకోలేదు. ఏ వార్షిక నివేదికలోనూ వీళ్ల లెక్క ఉండదు.